కొత్త పండుగకు ముందు కొరికిన కాయ

"నన్ను లోపలివాళ్ళు పట్టుకుపోయి పదిహేను రోజులు చెట్టుకు కట్టేసి కొట్టారు. వాళ్ళ కర్రలు విరిగాయి గానీ నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఆఖరికి నేనే ఒక ఎత్తు వేసి, నాతోపాటు చిక్కిన పోలీసు జవానును కూడా వెంటబెట్టుకుని, వాళ్ళ కళ్ళముందే నడుచుకుంటూ వచ్చేశాను."

బచేలీ బజారులో టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఈ మాటలు చెప్పి నేను ఊరికే తాగిన టీలు అన్నీ ఇన్నీ కావు. లోపలివాళ్ళంటే ఎవరో ఇక్కడ ఎవరూ అడగరు. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఎదుటపడితే దాదా అంటాం, పక్కకు వచ్చాక లోపలివాళ్ళు అంటాం. ఇప్పుడు వాళ్ళు పలచబడ్డారు. దోర్నపాల్ నుంచి జగర్గుండా దాకా రోడ్డు పడింది, బస్సు తిరుగుతోంది. కాబట్టి నోరు తెరిచి గొప్పలు చెప్పుకునే వీలు నాకు చిక్కింది.

కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం కొంచెం గాలి తీయాలి. పదిహేను రోజులు కాదు. శనివారం సంతలో పట్టుకున్నారు, సోమవారం ఎండ ముదిరేసరికి వదిలేశారు. కర్రలు విరగలేదు. విరిగేటంత కండ నా ఒంట్లో ఏనాడూ లేదు. నా నోరు సంగతి తర్వాత చెబుతాను. కొట్టడం మాత్రం నిజం, జవాను నిజం. అతని కుడిచెయ్యి చూసినవాళ్ళెవరూ ఆ రెండింటినీ అనుమానించరు.

అప్పటికి నేను ఇనుపరాయి గనిలో ఫిట్టరును. రాళ్ళు నలిపే యంత్రానికి బేరింగులు మార్చడం, బెల్టు తెగితే అతుకు వెయ్యడం నా పని. మాది భద్రాచలం అవతల. కంపెనీ ఉద్యోగమని వయసులో ఇటు వచ్చి ఇక్కడే ముదిరాను. నాకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు కోడిపందెం. ఒకే ఒక్కటి అన్నది కూడా సాగదీసిన మాటేనని మా ఆవిడ అంటుంది, ఆ మాట వదిలేయండి. దోర్నపాల్‌లో మా బావమరిదికి ఉప్పు, ఎండుచేపల దుకాణం ఉండేది. లోపలి సంతలకు అతని సరుకు జీపులో వెళ్ళేది. సెలవు దొరికితే నేను బస్సెక్కి దోర్నపాల్ చేరి, ఉప్పు బస్తాల మీద కూర్చుని సంతకు పోయేవాణ్ణి. బస్తర్‌లో కోడిపందెం ఆడని సంత సంతే కాదు.

ఆ శనివారం కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లు వేసుకుని వెళ్ళాను. వేళ్ళ మీద లోపల ఇనుప రేకు ఉంటుంది, చీలమండ పైదాకా తాళ్ళు ఉంటాయి. రాయి పడ్డా కాలు నలగదు. సంతలో జనం చూసి మురిసిపోతారని వేసుకున్నాను. చూడాల్సినవాళ్ళు చూశారు.

ఇప్పపూల కాలం. సంతంతా పులిసిన తీపి వాసన. కర్రలు పాతి కట్టిన బరి చుట్టూ మగవాళ్ళు మూగి ఉన్నారు, సగంమంది భుజాన గొడ్డళ్ళు. ఇక్కడ మగాడు గొడ్డలి లేకుండా గడప దాటడు, అందుకే గొడ్డలిని ఎవరూ గొడ్డలిలా చూడరు. నాకు ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు నెత్తిన తువ్వాళ్ళు చుట్టుకుని ఎర్రకోడి మీద కేకలు వేస్తున్నారు. ఇద్దరూ పోలీసు జవాన్లని, సెలవులో మామూలు బట్టల్లో వచ్చారని నాకు తెలియదు. తెలిసినవాళ్ళు వాళ్ళ వెనకే నిలబడి ఉన్నారు.

ఎర్రకోడి కత్తి నల్లదాని రొమ్ములో దిగింది. జనం హోరెత్తింది. ఆ హోరులోనే ఒక గొడ్డలి లేచి, ఇద్దరిలో పొడుగు కుర్రాడి మెడ మీద పడింది. అతను వెనక్కి తిరగబోయాడు, రెండో దెబ్బ దవడ మీద పడింది. బరిలోకి బోర్లా పడ్డాడు. చచ్చిన నల్లకోడి అతని కిందే ఉండిపోయింది. బతికిన ఎర్రకోడి అతని వీపెక్కి రెక్కలు కొట్టింది.

టీకొట్టులో నేను ఆ గొడ్డలి పిడిని గాల్లోనే పట్టుకుంటాను. నిజానికి ఆ సమయానికి నేను మా బావమరిది ఉప్పు బస్తాల వెనక, పరదా పట్టా కింద దూరి ఉన్నాను. ఒళ్ళంతా దాక్కుంది, పొట్ట కూడా పట్టింది. బూట్లు మాత్రం బయట ఉండిపోయాయి.

ఆ బూట్లు పట్టుకునే నన్ను ఈడ్చారు.

"పోలీస్ జూతా," అన్నాడు ఒకడు. ఇంకొకడు నా ప్యాంటు మోకాలి దాకా లాగి, బూటు ఊడబీకి, చీలమండ పైన వేలితో రాసి చూశాడు. ఏళ్ళ తరబడి బూటు కట్టిన కాలికి అక్కడ వెంట్రుకలు రాలిపోయి నున్నటి పట్టీ ఏర్పడుతుంది. జవానును గుర్తుపట్టాలంటే వాళ్ళు ముఖం చూడరు, ఆ పట్టీ చూస్తారు. నాకు ముప్పై ఏళ్ళ పట్టీ ఉంది.

"కంపెనీ! మైన్స్! ఫిట్టర్!" అని అరిచాను.

"దొరికినంక అందరూ కంపెనీయే," అన్నాడు వాడు హిందీలోనే, నా నోటి మీద గుద్ది. కింది పన్ను ఒకటి అక్కడే రాలింది.

రెండో కుర్రాణ్ణీ నన్నూ ఒకే తాడుతో కట్టారు. అడ్డతీగ నారతో పేనిన తాడు అది. తడిసి ఆరితే బిగుసుకుంటుంది. కట్టేముందు వాగులో ముంచి తెచ్చారు. మధ్యాహ్నం ఎండకు ఆరుతూ ఆరుతూ చర్మంలోకి దిగింది. నా బూట్లు వాళ్ళలో ఒకడు వేసుకున్నాడు. వాడి కాళ్ళకు పెద్దవై టపాటపా కొట్టుకుంటూ నా ముందే నడిచాడు. నేను ఉత్తకాళ్ళతో, నేలచూపులతో, నా బూట్లనే చూస్తూ నడిచాను. పక్కన కుర్రాడి చెంప మీద స్నేహితుడి నెత్తురు ఎండిపోయి ఉంది.

రెండు గుట్టలు దాటాక, వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద వాళ్ళ నాయకుడు కూర్చుని ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, సన్నగా, కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని. అతను నోరు తెరిచి తెలుగు మాట్లాడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏ ఊరు నీది?"

"భద్రాచలం దగ్గర అన్నా! మనవాణ్ణే అన్నా!"

ఆ మాటకు అతను లేచి వచ్చి చెంప పగిలేలా కొట్టాడు. "మనోడివా? మనోడివై ఉండి గీడికొచ్చి పోలీసోళ్ళకు ఖబర్లు మోస్తవా?" తర్వాత కొట్టడం మిగతావాళ్ళకు అప్పగించాడు. చెట్టును కౌగిలించుకునేటట్టు కట్టి వీపు మీద, పిరుదుల మీద, అరికాళ్ళ మీద కొట్టారు. అరికాలి దెబ్బ గొప్ప దెబ్బ. తగిలేది కాలికి, పేలేది తలలో.

నోరు సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. మొదటి దెబ్బకే విప్పాను. రెండో దెబ్బ పడేలోపల క్రషరు ఎలా తిరుగుతుందో చెప్పేశాను. తర్వాత షిఫ్టులు మారే వేళలు, క్యాంటీనులో సాంబారు నీళ్ళగా ఉండడం, మా ఫోర్‌మన్‌కూ పక్క క్వార్టరు ఆవిడకూ ఉన్న సంగతి, మా అత్తగారి ఆస్తి తగాదా, అన్నీ చెప్పాను. అడగనివే ఎక్కువ. ఆఖరికి నాయకుడే చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

"వీనికి గుడ్డ కుక్కుండ్రిరా. గింత వాగేటోడు ఖబరీ గాడు. ఖబరీ అయితే పోలీసోళ్ళే చంపేసుందురు."

కాబట్టి ఒక్క ముక్క రాలేదన్న మాటలో ఒక పిసరు నిజం ఉంది. గుడ్డ కుక్కాక రాలేదు.

నన్ను నాయకుడు ఖబరీ కాదన్నాడే గానీ వదలలేదు. మొహాలు చూసినవాణ్ణి వదలడం కుదరదని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం విన్నాను. కుర్రాడి సంగతి వేరు. అతను ఒకప్పుడు వాళ్ళతోనే తిరిగినవాడు. రెండేళ్ళు వాళ్ళ తుపాకీ మోసి, తర్వాత లొంగిపోయి, పోలీసులో చేరాడు. అడవి దారులు అతనికి తెలుసు కాబట్టి పోలీసులు అతన్ని ముందు నడిపించేవారు.

"సర్కారు జవానైతే ఖైదీ అంటం," అన్నాడు నాయకుడు. "నీళ్ళిస్తం, మందిస్తం, పత్రికలోళ్ళ ముందట అప్పజెప్తం. వీడు ఖైదీ గాదు. వీడు ద్రోహి. ద్రోహికి లెక్కలేంది?"

ఆదివారం పొద్దున అతని చేతికి తీర్పు చెప్పారు. ప్రాణానికి తీర్పు సోమవారం, నాలుగు ఊళ్ళ జనం ముందు. ఇద్దరు అతని మీద కూర్చున్నారు. కుడి అరచెయ్యి వాగులోని నల్లరాయి మీద పరిచారు. గొడ్డలి తిరగేసి, వెనక భాగంతో చూపుడువేలి మీద కొట్టారు. తర్వాత మధ్యవేలు. ఒక దెబ్బతో నలగలేదని మళ్ళీ కొట్టారు. ఆఖరికి ఉంగరపువేలు. ఎండిన కొమ్మ విరిగే చప్పుడు వస్తుందనుకున్నాను. అలా రాలేదు. తడిబట్టను బండకేసి బాదిన చప్పుడు వచ్చింది. అతను మూడోసారి అరవలేదు. నోరు తెరుచుకునే ఉంది గానీ చప్పుడు లేదు.

టీకొట్టులో నేను ఆ క్షణాన తాళ్ళు తెంపుకునేంత పని చేస్తాను. నిజానికి కళ్ళు మూసుకున్నాను. ప్యాంటు తడిసింది. నా వేళ్ళ జోలికి రావద్దు, నాకు బూట్లు కావాలి, నన్ను ఇంటికి పంపండి, అని గుడ్డలోపలే అన్నాను. ఎవరికీ వినపడలేదు, అదొక్కటే నా మర్యాద దక్కించింది.

వాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది, తుపాకీ ఆమె కంటే బరువుగా కనపడేది. సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చి ముందు అతని నోట్లో, తర్వాత నా గుడ్డ తీసి నా నోట్లో పోసింది. కాపలావాడు గసిరాడు.

"పట్టుబడ్డోళ్ళకు నీళ్ళియ్యొద్దని యాడ రాసుంది దాదా?" అంది ఆమె. మిగిలిన నీళ్ళు నలిగిన చేతి మీద పోసింది. ఆమెకు పడిన చెంపదెబ్బ కూడా నేను చూశాను.

సాయంత్రం అతన్ని నా చెట్టుకే అటువైపు కట్టారు. ఆమె పోయాక గుడ్డ మళ్ళీ ఎవరూ కుక్కలేదు.

"కాకా, ఊపిరి పొట్టలకు తీస్కో," అన్నాడు అతను మెల్లగా. దోర్లా గిరిజనుల ఊరి పిల్లవాడు, వాళ్ళ తెలుగు మా తెలుగుకు చుట్టమే. "పొద్దున మల్లా కొడతరు. ముందు మోకాలి ఎనక కొడతరు. కాళ్ళు ఒదులు చేసుకో."

"నీకెట్లా తెలుసురా?"

"నేను గూడ గిట్లనే కొట్టిన గదా. అప్పుడు ఈల్లతోని ఉండి కొట్టిన. తర్వాత క్యాంపుల ఉండి ఈల్లను కొట్టిన. యాడ కొడితే మనిషి చావకుండ ఏడుస్తడో నాకెరుక."

ఒకసారి బస్సులో వస్తూ తోంగ్‌పాల్ దాటాక రోడ్డు పక్కన నేనూ చూశాను. లుంగీ కట్టిన ఒక మనిషిని, కళ్ళకు గంతలు కట్టి, చేతులు వెనక్కి కట్టి, మండే తారు మీద ఉత్త మోకాళ్ళతో కూర్చోబెట్టారు. వచ్చేపోయే యూనిఫారాలు దారిన పోయే రాయిని తన్నినట్టు అతన్ని తన్నిపోతున్నారు. బస్సులో మేమంతా ఇటు కిటికీలోంచి అటు కిటికీలోకి చూపు మార్చుకున్నాం. నేను వేరుశెనక్కాయలు తింటున్నాను, తినడం ఆపలేదు. చెట్టుకు అటువైపు నుంచి ఆ మాట వినపడ్డప్పుడు నాకు ఆ వేరుశెనక్కాయలే గుర్తొచ్చాయి.

సోమవారం పొద్దున్నే మమ్మల్ని దగ్గర్లోని ఒక ఊరి చివరి మామిడితోపుకు నడిపించారు. నాలుగు ఊళ్ళ జనం అక్కడికి రావాలని కబురు వెళ్ళింది. ముందురోజు గాలికి తోపు నిండా కాయలు రాలి ఉన్నాయి, పచ్చివి, కొన్ని దోరవి. ఆడవాళ్ళు ఇప్పపూల బుట్టలు ఎత్తుకుని ఆ కాయల పక్కనుంచే పోతున్నారు గానీ ఒక్కరూ వంగి ఒక్క కాయ తియ్యడం లేదు. పిల్లలు కూడా నిప్పుకణికల మధ్య నడిచినట్టు పాదాలు చూసుకుంటూ నడుస్తున్నారు.

ఇక్కడ మామిడి కొత్త పండుగ అని ఒకటుంది. ఊరి పూజారి మొదటి కాయలు నేలతల్లికీ పెద్దలకూ పెట్టేవరకూ ఆ ఊరి నేల మీద ఎవరూ మామిడికాయ నోట పెట్టకూడదు. పెడితే నేల మైలపడుతుంది, విత్తనం మొలవదు, వాన తప్పిపోతుంది. ఆ ఏడు పండుగ ఇంకా కాలేదు.

టీకొట్టులో నేను ఇక్కడ ఒక కన్ను మూసి తెరుస్తాను. "అప్పుడు నాకో ఎత్తు తట్టింది," అంటాను. మైల చేసినవాణ్ణి ముందు ఊరు శిక్షించాలని, ఆ లెక్క తేలేదాకా ఆ నేల మీద నెత్తురు చిందకూడదని నాకు ముందే తెలుసు అంటాను. జవానుకు కనుసైగ చేసి కాయ కొరికానంటాను.

ఏమీ తెలియదు. శనివారం మధ్యాహ్నం నుంచి తిండి లేదు. పొద్దున పడ్డ దెబ్బలకు కాళ్ళు నిలవక బోర్లా పడ్డాను. ముఖం పక్కనే ఒక కాయ ఉంది. ఏదో ఉడుత ఒకవైపు కొరికిన కాయ. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి కాబట్టి గొడ్డులా నోటితోనే అందుకున్నాను. సగం తిని, జాలిపడి మిగతా సగం పక్కన పడి ఉన్న జవాను వైపు నెట్టాను. అతని పెదాలకు పులుపు అంటడం నేను చూశాను. నా ఎత్తు అంతే, ఆకలి.

బుట్ట ఎత్తుకున్న ఒక ఆడమనిషి ముందు చూసింది. బుట్ట కింద పడేసి కేక పెట్టింది. అది మనిషిని చంపుతుంటే పెట్టే కేక కంటే పెద్దది. ఆదివారం వాగు దగ్గర కుర్రాడి వేళ్ళు నలుగుతున్నప్పుడు అటుగా పోయిన పశువుల కాపరులు కూడా తల తిప్పుకుని పోయారు. ఇప్పుడు ఊరంతా పరిగెత్తి వచ్చింది.

పూజారి వచ్చాడు. ముసలివాడు, గోచి, చేతిలో తుమ్మకర్ర. నా దవడలు నొక్కి నోరు తెరిపించి వాసన చూశాడు. జవానుదీ చూశాడు. తర్వాత చెయ్యెత్తి ఇద్దరి నోటి మీదా కర్రతో కొట్టాడు. నాకు రెండో పన్ను అక్కడ పోయింది.

నాయకుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "తాతా, పక్కకు జరుగు. పంచాయితీ నడువాలె. వీన్ని ఏం జెయ్యాల్నో జనం జెప్పాలె."

"నీ పంచాయితీ తర్వాత," అన్నాడు పూజారి. "ముందు ఊరి పంచాయితీ. ఈల్లు నేల మైల చేసిన్రు. మైల కడిగిందాక ఈడ నెత్తురు పడొద్దు."

"గివన్నీ మూఢనమ్మకాలు. మనం కొట్లాడేదే వీటిమీద."

"నువ్వు కొట్లాడు. రేపు గుట్ట దాటి పోతవు. విత్తనాలు ఈడ మేమేసుకోవాల. వాన రాకపోతే నీ తుపాకి కురుస్తదా?"

ఎవరో ఆడమనిషి నవ్వింది. కాపలావాళ్ళలో నా బూట్లు వేసుకున్నవాడికి కోపం వచ్చి తుపాకీ మడమతో ముసలాయన రొమ్ము మీద పొడిచాడు. ఆయన కూలబడ్డాడు. నోట్లోంచి నెత్తురు చుక్క ఒకటి నేల మీద పడింది.

అప్పటిదాకా గొంతుక్కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ముందుకు రాలేదు. ఊరికే నిలబడ్డారు, గొడ్డళ్ళు భుజాల మీదే ఉన్నాయి. ఇందాక అన్నాను, ఇక్కడ గొడ్డలిని ఎవరూ గొడ్డలిలా చూడరని. ఆ పొద్దున నాయకుడు చూశాడు. అతను ఆ జనం పెట్టిన అన్నమే తినాలి, వాళ్ళ పిల్లలనే దళంలోకి అడగాలి. బూట్లవాడి తుపాకీ తనే లాక్కుని వాడి మొహం మీద కొట్టాడు.

"తీస్కపోండ్రి," అన్నాడు పూజారితో. "మీ శిక్ష మీరు ఏస్కోండ్రి."

అది దయ అని ఎవరూ అనుకోవద్దు. ఊరు మమ్మల్ని కాపాడాలని కొట్టలేదు. మైల పోవాలని కొట్టింది. మా కట్లు విప్పి, మా ముఖాలకు బూడిద పూసి, మా మెడల్లో చచ్చిన కాకి ఈకలు కట్టి, తోపు నుంచి వాగు దాకా రెండు వరుసల్లో నిలబడ్డారు. ప్రతి మనిషి చేతిలోనూ తునికి బరికె ఉంది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఎవ్వరూ ఊరికే తాకించి వదల్లేదు. లోపలివాళ్ళ దెబ్బలు పని చేసినట్టు పడ్డాయి. ఇవి ఏడుస్తూ కొట్టిన దెబ్బలు. వాళ్ళ వాన, వాళ్ళ గింజ, వాళ్ళ ఏడాది తిండి మా వీపుల మీద ఉన్నాయి. జవాను తన నలిగిన చేతిని పొట్టకు హత్తుకుని వంగి నడుస్తుంటే, వెనక నుంచి దాని మీదే పడింది ఒక బరికె. అతను మోకాళ్ళ మీద పడి, మళ్ళీ తనే లేచాడు. ఆ వరుసలో పడిపోతే ఎత్తేవాళ్ళు ఉండరు.

వాగు ఆ ఊరి పొలిమేర. వాగులోకి తోసి, కొత్త పండుగ అయ్యేదాకా ఇటు కాలు పెట్టొద్దని ఉమ్మేశారు. గట్టు మీద నాయకుడు నిలబడి ఉన్నాడు.

"ఆ చెయ్యితోని ఇగ తుపాకి పట్టలేవు," అన్నాడు జవానుతో. "పట్టినవని ఇన్ననా, పండుగయినంక వస్త."

నేను అప్పుడు ధైర్యం చేసి ఒక మాట అడిగాను. ఆ మాటేమిటో టీకొట్టులో ఎన్నడూ చెప్పలేదు. నా బూట్లు ఇప్పించమన్నాను. నాయకుడు నవ్వాడో దగ్గాడో, ఒక రాయి తీసుకుని విసిరాడు. అది వీపుకు తగిలింది. మేం పరిగెత్తాం.

రోడ్డెక్కేసరికి సాయంత్రమైంది. చింతపండు బస్తాల లారీ ఒకటి మమ్మల్ని దోర్నపాల్ ఆస్పత్రిలో దించింది. జవాను నలిగిన వేళ్ళలో రెండు తీసేశారు. మూడోది ఉంది గానీ వంగదు. ఇప్పుడు అతను దోర్నపాల్లోనే పోలీసువాళ్ళ నీళ్ళ మోటారు చూసుకుంటాడు. ఏటా కొత్త పండుగ అయ్యాక, ముందు కాదు, ఒక సంచెడు మామిడికాయలు మోసుకుని బచేలీ వస్తాడు.

ఈ ఏడూ వచ్చాడు. మా ఆవిడ కాయలు తరుగుతుంటే, ఇక్కడిదాకా రాసింది అతనికి చదివి వినిపించాను. అబద్ధాలన్నీ ఒలిచేశాను, ఇక నిజమే మిగిలిందని కొంచెం గర్వంగానే చదివాను. వేళ్ళు నలిపిన చోట అతను కిటికీ వైపు తిరిగాడు. సగం కాయ జాలిపడి ఇచ్చాను అన్న చోట ఇటు తిరిగాడు.

"ఆగు కాకా. మల్లా చదువు."

చదివాను.

"ఏంది నువ్వు రాసేది? నువ్వు జాలిపడ్డవా?"

"పడలేదా?"

"నువ్వు ఆడ బోర్ల పడి బూట్లు, బూట్లు అని ఏడుస్తున్నవ్. కాయ సంగతే నీకెరుక లేదు. నేను దోర్లోన్ని గదా, కొరికితే ఏమైతదో నాకెరుక. మా అమ్మ గుర్తొచ్చింది, అయినా కొరికిన. నాకొక్కనికి మైల అయితే ఊరు నన్నొక్కన్నే అడుగుతది, నిన్ను ఆల్లకే ఇడుస్తది. అందుకని అదే కాయ నా నోటితోని నీ నోటికాడికి నెట్టిన."

మా ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "మీ అమ్మ ఏమందిరా అయ్యా?" అని అడిగింది.

"మా అమ్మ ఇయ్యాల్టికీ నా చేతి కాయ తినదు అత్తా. అందుకే మీకు తెస్త." తర్వాత నా చేతిలోని కాగితాన్ని మిగిలిన వేళ్ళతో తట్టాడు. "అది కొట్టెయ్ కాకా. ఉడుత లేదు, గిడుత లేదు. ఆ కాయ కొరికింది నేను."